ఊదేవాడు

తన కార్డు పెట్టి ఒకసారి, మేస్త్రీ కార్డు పెట్టి ఇంకోసారి ఊదాడు సోడా. రెండుసార్లూ పచ్చలైటే వెలిగింది. గోడకి బిగించిన యంత్రం రెండు చీటీలు బయటికి తోసింది. రెండింటి మీదా సున్నాలే.

సోమవారం పొద్దున ఏడుంపావు. లిఫ్టులు బాగుచేసే కంపెనీ డిపోలో, సామాన్ల గది పక్క సందులో ఉంటుంది ఆ యంత్రం. తాగి పనిలోకి రాకూడదని పెట్టారు. పెట్టిన కొత్తలో సూపర్వైజరు పక్కనే నిలబడి ఒక్కొక్కడి చేతా ఊదించాడు. నెల తిరక్కుండానే ఆయనకి విసుగొచ్చింది. కెమెరా పెడతామని ఎవరో వచ్చి గోడకి మేకు కొట్టి పోయారు. ఆ మేకుకి ఇప్పుడు ఎవరిదో రెయిన్‌కోటు వేలాడుతోంది. యంత్రానికి మనిషితో పనిలేదు. ఒక కార్డూ, కాస్త ఊపిరీ అందితే చాలు.

మేస్త్రీ సందు మొదట్లో కాపలాగా నిలబడి ఏలకులు నములుతున్నాడు. మేస్త్రీ అన్నారని ముసలివాడనుకోకూడదు, ఇంకా ముప్పై నిండలేదు. లిఫ్టు మూలుగు విని దాని జబ్బేమిటో చెప్పగలడు కాబట్టి చిన్న వయసులోనే మేస్త్రీ అయిపోయాడు. నిన్న తాగింది ఇంకా కళ్ళల్లోనే ఉంది.

"అయిందా?"

"అయిందన్నా."

"బంగారం లాంటి ఊపిరిరా నీది! సీసాల్లో పట్టి అమ్ముకోవచ్చు," అంటూ చీటీ జేబులో పెట్టుకుని సోడా భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి కోసమే సోడా ఊదుతున్నాడు. అడిగితే చచ్చినా ఒప్పుకోడు గానీ, నిజం అదే.

పని దిగాక డిపో వెనక రేకుల షెడ్డులో అందరూ కూర్చుంటారు. కూర్చోవడమంటే తాగడమే, ఇక్కడ దానికి వేరే మాట లేదు. రేపు ఎవరితో ఎవరు పనికెళ్ళాలో కాగితం మీద రాసేది సూపర్వైజరే అయినా, తేలేది మాత్రం ఆ షెడ్డులో, రెండో గ్లాసుకీ మూడో గ్లాసుకీ మధ్య. ఎవడికి సెలవు దొరకాలి, ఎవడితో ఎవడు మాట్లాడకూడదు, ఎవడికి గొయ్యి పని పడాలి, అన్నీ అక్కడే. గొయ్యి అంటే లిఫ్టు దిగే బావి అడుగు. నూనె, మురుగు, చచ్చిన ఎలుకలు. పనిలో చేరిన దగ్గర్నుంచీ గొయ్యి పని సోడాకే పడింది. వాడు కూర్చోడు. కూర్చున్నా సోడా తాగుతూ కూర్చుంటాడు. ఆ పేరు అలా వచ్చిందే.

"ఎందుకు తాగవురా?" అని అడగనివాడు లేడు. మీ నాన్న తాగి పోయాడా? మొక్కేమన్నా ఉందా? డాక్టరు వద్దన్నాడా? పిల్ల కాదంటే తాగాలి గానీ మానడమేంట్రా! తాగేవాణ్ణి ఎందుకు తాగుతున్నావని ఎవడూ అడగడు, తాగనివాడే ఊరందరికీ సంజాయిషీ చెప్పుకోవాలి. సోడా దగ్గర చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ లేదు. ఆ వాసనకి కడుపులో తిప్పుతుంది, అంతే. అది చెబితే పకపకా నవ్వుతారు. రెండు నెలల కిందట ఈ యంత్రం వచ్చింది, వాడి దశ తిరిగింది. ఒక్కోరోజు పొద్దున్నే నలుగురి కార్డులు వాడి చేతిలో ఉంటాయి. గొయ్యి పని ఇంకెవడికో పోయింది.

వ్యానులో పెళ్ళికొడుకు వాడి పక్కన కూర్చున్నాడు. పెళ్ళయి ఆరునెలలైనా ఆ పేరు వదల్లేదు. పెళ్ళాం గొడవపడిందని అతను తాగడం మానేశాడు, కానీ ఆ మాట షెడ్డులో పైకి అనలేడు. ఒకటి పోయించుకుని, గంటసేపు దాన్నే పట్టుకు కూర్చుని, ఎవరూ చూడనప్పుడు గోడవార పారబోసి లేస్తాడు.

"ఎన్నాళ్ళురా ఇలా ఊదుతావ్, బుడగలమ్ముకునేవాడిలాగా?" అన్నాడు మెల్లగా.

"నేను లేకపోతే మేస్త్రీకి కుదరదన్నా."

"మేస్త్రీ లేకపోతే నీకు కుదరదను. ఒరేయ్, నేను పారబోస్తున్నాను, నువ్వు ఊదుతున్నావు. ఇద్దరం మొనగాళ్ళమే!" అని నవ్వాడు.

ఆ రోజు పని ఐదంతస్తుల ఆఫీసు భవనంలో. మూడో అంతస్తు తలుపు పట్టేస్తోంది. తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలకూడదు. అయినా మరమ్మతుకి కదిలించి చూడక తప్పదు కాబట్టి, పైన మోటారు గదిలో ఉన్నవాడు ప్యానెల్లో జానెడు తీగముక్క గుచ్చి లిఫ్టుని మోసం చేస్తాడు. తలుపు మూసే ఉందనుకుని అది కదులుతుంది. పని కాగానే ఆ తీగ పీకెయ్యాలి. పీకి, గుప్పిట్లో పట్టుకుని, వాకీటాకీలో "తీగ చేతిలో ఉంది" అనాలి. ఆ మాట చెవిన పడందే కిందవాడు లిఫ్టు గడప మీద కాలు పెట్టడు. రూలు పుస్తకంలో రెండు పేజీలు రాశారు గానీ, పనివాళ్ళకి రూలంటే ఆ మూడు మాటలే.

మేస్త్రీ పైకి వెళ్ళాడు. పెళ్ళికొడుకు తలుపు రోలర్లు సరిచేశాడు, సోడా టార్చి పట్టుకున్నాడు. నాలుగైదుసార్లు కదిలించి చూశారు. తలుపు వెన్నలా జరుగుతోంది. గడప గాడిలో గట్టిపడిన మట్టి గోకేస్తే పని అయిపోయినట్టే.

"తీగ?" అన్నాడు పెళ్ళికొడుకు వాకీటాకీలో.

గరగరమని కాసేపు చప్పుడు. తర్వాత మేస్త్రీ గొంతు, "తీగ చేతిలో ఉంది."

పెళ్ళికొడుకు ఒక కాలు లోపల పెట్టి, వంగి, స్క్రూడ్రైవరుతో గాడి గోకసాగాడు. "ఇల్లు ఊడ్చమంటుంది మా ఆవిడ, ఇక్కడ ఊడుస్తున్నానని తెలిస్తే..." అంటున్నాడు. అప్పుడే ఎవరో, పైఅంతస్తులో తొందరున్న మనిషి, మరమ్మతు బోర్డు చూడకుండా మీట నొక్కారు. తలుపు బార్లా తెరిచి ఉండగానే లిఫ్టు కదిలింది. మోకాలి కింద కాలు లిఫ్టుకీ గడపకీ మధ్య ఇరుక్కుంది. అరుపు కన్నా ముందు వేరే చప్పుడొకటి వినిపించింది సోడాకి. ఆ చప్పుడు వాడు ఎవరికీ చెప్పలేదు.

"ఆపన్నా! ఆపు, ఆపు!" అని వాకీటాకీలో గొంతు చించుకున్నాడు. పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. మెట్లెక్కి పరిగెత్తాడు. మోటారు గదిలో మేస్త్రీ బోర్లించిన బకెట్ మీద కూర్చుని, గోడకి జారగిలబడి, నోరు తెరిచి కునుకు తీస్తున్నాడు. సోడా మెయిన్ స్విచ్చి లాగేశాడు. తీగ ప్యానెల్లోనే ఉంది. బయటి మీటలు పనిచేసేలా లిఫ్టుని మామూలు నడకకి మార్చడం మరిచిపోలేదు, తీగ తియ్యడమే మరిచిపోయాడు.

మేస్త్రీ ఉలిక్కిపడి లేచాడు. సోడా ముఖం చూశాడు, ప్యానెల్ చూశాడు. ఒక్క అంగలో వెళ్ళి తీగ పీకి గుప్పిట బిగించాడు.

"చేతిలోనే ఉందిగా," అన్నాడు.

*

ఆస్పత్రి వరండాలో సూపర్వైజరు మోకాలి మీద అట్ట పెట్టుకుని రాశాడు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. సోడా బనీను మీద నెత్తురు ఎండిపోయి అట్టకట్టింది. చేతులు కడుక్కొస్తానంటే, "ముందు సంతకం పెట్టు, కంపెనీకి వెంటనే పంపాలి, లేకపోతే ఆపరేషన్‌కి ఒప్పుకోరు," అన్నాడాయన. సోడా పెట్టాడు. ఏం రాశారో సాయంత్రం ఇంట్లో వాళ్ళక్క నకలు కాగితం పైకి చదివితేగాని తెలియలేదు. 'పైనుంచి మాట రాకముందే తొందరపడి కాలు పెట్టాడు. అది నేను కళ్ళారా చూశాను.'

"నిజమేనారా?" అంది అక్క.

"అన్నం పెట్టు," అన్నాడు వాడు. పెడితే తినలేదు.

మంగళవారం పొద్దునకి కాలు తీసేశారు, మోకాలి కిందికి. పెళ్ళికొడుకు మత్తులో ఉన్నాడు. దుప్పటి కింద ఒకవైపు ఎత్తుగా ఉండాల్సిన చోట చదునుగా ఉంది. అతని భార్య గది బయట బల్ల మీద కూర్చుని ఒక బూటుకి అంటిన గ్రీజు తడిగుడ్డతో తుడుస్తోంది. ఆస్పత్రివాళ్ళు కవరులో వేసి ఇచ్చారట. రెండోది ఇవ్వలేదు.

"రా తమ్ముడూ," అని జరిగి చోటిచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "మీ సూపర్వైజరుగారు వచ్చి వెళ్ళారు. మాట రాకముందే ఈయనే కాలు పెట్టారట. తప్పు ఈయనదైతే కంపెనీ ఏమీ చెయ్యదట. కుంటివాడికి మళ్ళీ ఉద్యోగం కూడా ఇవ్వరట. నువ్వు అక్కడే ఉన్నావు కదా?"

"ఉన్నాను వదినా."

"వంటింట్లో గ్యాసు ఆపానా లేదా అని మూడుసార్లు చూసొచ్చే మనిషి. ఈయన తొందరపడతారా?"

వరండా చివర ఎవరో నేల తుడుస్తున్నారు. ఆ ఫినాయిలు వాసన మీదే మనసు పెట్టాలని చూశాడు సోడా.

"ఎవరైనా తాగున్నారా నిన్న? నిజం చెప్పు తమ్ముడూ."

"అందరూ ఊదారు వదినా. సున్నాలే వచ్చాయి."

ఆమె వాడి ముఖంలోకి చూసింది. తల ఊపింది. "నువ్వు తాగవని ఈయన ఎప్పుడూ చెబుతుంటారు. వాళ్ళందరిలోకీ నిన్ను నమ్మొచ్చు అంటారు. నువ్వు చెప్పావు కాబట్టి సరే," అని మళ్ళీ బూటు తుడవడం మొదలుపెట్టింది. సోడాకి ఆ బల్ల మీదే ప్రాణం పోతే బాగుండుననిపించింది. ఏదో పనుందని గొణిగి లేచి వచ్చేశాడు.

*

బుధవారం మధ్యాహ్నం వాడు సూపర్వైజరు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. చెప్పవలసిందంతా వ్యానులో మనసులో అనుకుంటూ వచ్చాడు గానీ, నోట్లోంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది. తీగ చేతిలో ఉందని మేస్త్రీ అన్నాడు, నేను విన్నాను. తీగ ప్యానెల్లో ఉంది, నేను చూశాను. సున్నా చీటీ నాది.

సూపర్వైజరు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆశ్చర్యపోతాడనుకున్నాడు సోడా. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"రేపు పొద్దున పెద్దాఫీసు నుంచి విచారణకి ఒకావిడ వస్తోంది. ఆవిడ ముందు ఏముంటాయి? మేస్త్రీ చీటీ, సున్నా. నీ సంతకం. మధ్యలో నువ్వొచ్చి నోటిమాట చెబితే ఎవరు వింటారు? ఒకవేళ విన్నారే అనుకో. ఇంకొకడి కార్డు మీద ఊదినందుకు ముందు పోయేదెవరు? నువ్వు. తర్వాత మేస్త్రీ. తర్వాత, చూసుకోనందుకు, ఇద్దరు ఆడపిల్లల తండ్రిని నేను. అంతా చేశాక వాడి కాలొస్తుందా?"

"కాలు రాదు సార్. తప్పు వాడిది కాదని..."

"నీకు బుద్ధిగా ఉండటం చేతనవును కదా. అలాగే ఉండు." ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ముందున్న కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం షెడ్డులో సోడాకి కుర్చీ వేశారు. రెండేళ్ళుగా వాడు కూర్చునేది గ్రీజు డబ్బా మీద. ఇవాళ ఒకడు లేచి మరీ కుర్చీ తుడిచిపెట్టాడు, ఇంకొకడు చిప్స్ పొట్లం ముందుకి తోశాడు. ఎవరూ జోకులు వెయ్యడం లేదు. మాటల మధ్యలో పెళ్ళికొడుకు పేరు వచ్చినప్పుడల్లా గ్లాసులు ఎత్తి, కిందకి చూస్తూ తాగుతున్నారు. అందరి తరఫునా అందరూ బాధపడుతున్నారు. ఎవరి గొంతులోకి దిగాల్సింది వాళ్ళ గొంతులోకి దిగుతూనే ఉంది.

మేస్త్రీ వాడి పక్కకొచ్చి కూర్చున్నాడు. గడ్డం మాసిపోయింది. చేతులు సన్నగా వణుకుతున్నాయి, ఒక గ్లాసు పడేదాకా ఆ వణుకు ఆగదు.

"నేను రాక్షసుణ్ణి కాదురా," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ ఏడుపు దొంగది కాదు. "వాడికి పని నేర్పింది నేను. బతికినంతకాలం వాడికి చేస్తాను, ఒట్టు. మానేద్దామనే చూశాను రెండ్రోజులు. పొద్దున స్క్రూ కూడా పట్టుకోలేకపోయాను. ఈ ఒక్క రేపు గడిచిపోనీ. రేపటి సంగతి నీ చేతిలో ఉంది."

"రేపు కూడా ఊదాలా అన్నా?"

"ఆవిడ అందరి చీటీలూ చూస్తుందట. ఎల్లుండి నుంచి నువ్వే నా జోడీ. తలుపు పనంతా నేర్పుతాను." అది మొన్నటిదాకా పెళ్ళికొడుకు చోటు. అందరూ వింటున్నారు, ఎవరూ తలెత్తలేదు. మేస్త్రీ సంచీలోంచి సీల్ తియ్యని క్వార్టరు సీసా తీసి వాడి ఒళ్ళో పెట్టాడు. "ఇప్పుడు తాగమనను. నీ దగ్గర ఉంచుకో. ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు తాగు. మనోడివని ఇచ్చా."

సోడా దాన్ని పనిముట్ల సంచీలో, కటింగ్ ప్లయరు పక్కన పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట అది, మనోడివని. వినగానే ఒళ్ళంతా చీదర పుట్టింది.

*

గురువారం ఏడు గంటలకే డిపో కడిగి ముగ్గేసినట్టుంది. వచ్చినావిడ సూపర్వైజరు గదిలో కూర్చుని ఫైలు తిరగేస్తోంది. నడివయసు మనిషి, చేతిసంచీ ఒళ్ళోనే పెట్టుకుంది, ఇచ్చిన టీ ముట్టుకోలేదు. మేస్త్రీ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. దగ్గరికొస్తే ఏలకుల వెనక నుంచి అసలు వాసన గుప్పుమంటోంది. కార్డు సోడా చేతిలో పెట్టాడు.

"ఒక్క నిమిషం అన్నా, కడుపులో బాగోలేదు," అని సోడా సంచీతో సహా బాత్రూంలోకి వెళ్ళి గడియ వేసుకున్నాడు.

సీసా మూత ఎటు తిప్పాలో కూడా వెంటనే తెలియలేదు. ముక్కు మూసుకుని మొదటి గుక్క మింగాడు. గొంతు భగ్గుమంది. రెండో గుక్క సగం ముక్కులోంచి వచ్చేసింది. కళ్ళు నీళ్ళు కారుతుంటే గోడకి తల ఆనించి, మిగతాది ఆగి ఆగి, మందు తాగే చిన్నపిల్లాడిలా ముఖం వికారంగా పెట్టి తాగాడు. కక్కు వచ్చింది. పళ్ళు బిగబట్టి ఆపుకున్నాడు. వాడి మాట చెల్లదన్నారు, చీటీ మాటే చెల్లుతుందన్నారు. సరే, చీటీయే మాట్లాడనీ అనుకున్నాడు.

బయటికొచ్చేసరికి మేస్త్రీ సందు మొదట్లో అటు తిరిగి నిలబడి ఉన్నాడు. నేల కాస్త ఒరిగినట్టుంది. సోడా మేస్త్రీ కార్డు పెట్టి, గొట్టం నోట్లో పెట్టుకుని, గుండెల నిండా ఊదాడు.

ఎర్రలైటు వెలిగింది. ఆ యంత్రానికి అంత గొంతుందని డిపోలో ఎవరికీ తెలియదు. కుయ్యిమని అరుస్తూనే ఉంది. సామాన్ల గదిలోంచి, వ్యానులోంచి మనుషులు వచ్చేశారు. సూపర్వైజరు పరిగెత్తుకొచ్చాడు. ఆయన వెనక ఆవిడ నడిచి వచ్చింది. చీటీ చించుకుంది ఆవిడే.

"ఈ కార్డు ఎవరిది?"

మేస్త్రీ ముఖాన నెత్తురుచుక్క లేదు. "నాదే మేడమ్. కానీ ఊదింది నేను కాదు! వీడు! వీడు తాగొచ్చి నా కార్డు మీద ఊదాడు, కావాలంటే వాసన చూడండి!"

సూపర్వైజరు కళ్ళు మూసుకున్నాడు. మేస్త్రీ నోరు ఇంకా తెరిచే ఉంది. తనేమన్నాడో అప్పుడు తెలిసినట్టుంది అతనికి.

"మీ కార్డు మీద ఇతనెందుకు ఊదుతాడు?" అంది ఆవిడ. కేక వెయ్యలేదు. "సోమవారం ఎవరు ఊదారు?"

"నేనే మేడమ్," అన్నాడు సోడా. నాలుక మందంగా తిరుగుతోంది. "తీగ చేతిలో ఉందన్నాడు. నేను విన్నాను. లేదు. ప్యానెల్లో ఉంది. నా సంతకం, అది..." మిగతాది పక్కనున్న బకెట్‌లో కక్కేశాడు.

ఆవిడ వాడి కార్డు కూడా అడిగి తీసుకుని ఊదించింది. ఎర్రలైటే. "నువ్వు తాగి చెప్పింది నేను రాసుకోకూడదు. ఒళ్ళు తెలిశాక, రేపు ఆఫీసుకొచ్చి చెప్పు," అంది. తర్వాత మేస్త్రీ వైపు తిరిగింది. "మీరన్నది మాత్రం రాసుకుంటాను. మీరూ ఊదండి."

సోడా కార్డు ఆవిడ ఫైల్లోకి పోయింది. గేటు దాకా ఎవరూ తోడు రాలేదు. నిన్న కుర్చీ తుడిచినవాడు పక్కకి ఉమ్మి, "ఇన్నాళ్ళూ ఊదించి పెంచుకున్నాం పాముని," అన్నాడు. మేస్త్రీ ఇంకా గొట్టం నోటి దగ్గర పట్టుకుని నిలబడే ఉన్నాడు.

ఆస్పత్రికి నడిచే వెళ్ళాడు సోడా. బస్సెక్కితే పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారని భయం. దారిలో కుళాయి దగ్గర నాలుగుసార్లు పుక్కిలించాడు. చెప్పాలి, ముందు ఆమెకి చెప్పాలి, తొందరపడే మనిషి కాదు మీ ఆయన అని. అది తలుచుకుంటే కాళ్ళకి బలమొచ్చింది. వరండాలో అడుగులు తప్పాయి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

ఆమె గదిలోంచి ఖాళీ చెంబుతో బయటికొస్తోంది. "వదినా," అని వాడు ముందుకి వెళ్ళాడు. "వదినా, తప్పు అన్నయ్యది కాదు. నేను ఇవాళ..."

ఆమె అడుగు వెనక్కి వేసింది. చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కళ్ళు వాడి చొక్కా మీద మరకలు చూశాయి.

"నువ్వు కూడానా తమ్ముడూ?"

"అది కాదు వదినా, విను..."

"నిన్ను నమ్మానే!" అంది. సగం మాట గాలిగానే వచ్చింది. "ఎన్నాళ్ళ నుంచి? ఆ రోజు కూడా నువ్వేనా? టార్చి పట్టుకుని పక్కనే ఉన్నావు కదా, నువ్వేనా?"

సోడా నోరు తెరిచాడు. వాసన తనకే తెలిసి మూసుకున్నాడు.

"లోపలికి రాకు. ఆయనకి ఇప్పుడే మెలకువ వచ్చింది, ఆ వాసన తగలనివ్వను," అని ఆమె లోపలికెళ్ళి తలుపేసుకుంది. లోపలి నుంచి పెళ్ళికొడుకు గొంతు, నీరసంగా, ఎవరొచ్చారని అడిగింది. ఎవరూ లేదంది ఆమె.

సోడా బల్ల మీద కూర్చున్నాడు. తుడిచిపెట్టిన బూటు అక్కడే ఉంది, అద్దంలా మెరుస్తోంది. అరచెయ్యి నోటి దగ్గర పెట్టుకుని ఊది, వాసన చూసుకున్నాడు. ఇంకా ఉంది. కాసేపాగి మళ్ళీ ఊది చూసుకున్నాడు.